నాబోతు పొలము, యెహూ ఖడ్గము: రష్యా విప్లవ కారణాలపై బెర్డియేవ్ వాదము - ఒక విమర్శ

ఉపోద్ఘాతము

1917లో రష్యాలో జరిగిన విప్లవాన్ని గురించి మన సంఘాలలో రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. మొదటిది ప్రసంగ వేదికల మీది మాట. దేవుడు లేడన్నవారు కుట్రపన్ని ఒక క్రైస్తవ రాజ్యాన్ని కూలదోశారు, 1991లో దేవుడు వారిని కూలదోశాడు, అంతటితో ఆ అధ్యాయం ముగిసింది అని. రెండవది మన యువకుల మధ్య, ముఖ్యంగా కూలి కుటుంబాల నుండి చదువుకొని పైకి వచ్చినవారి మధ్య వినిపించే మాట. సంఘం రెండు వేల ఏండ్లలో చేయలేనిదాన్ని విప్లవం ఒక్క రాత్రిలో చేసి చూపించింది అని. మొదటి మాట విప్లవానికి కారణమేమిటో అడగదు. రెండవ మాట దాని ఫలితమేమిటో అడగదు.

ఈ రెండింటికి మధ్య దారి చూపే గ్రంథంగా వేదాంత విద్యార్థులు ఆశ్రయించదగినది నికోలాయ్ బెర్డియేవ్ రచించిన 'రష్యా కమ్యూనిజము పుట్టుక'. ఆంగ్లంలో 1937లో వెలువడిన ఈ చిన్న పుస్తకం కమ్యూనిజాన్ని ఒక విశ్వాసి కోపంతో గాక బాధతో చదివిన తీరుకు మంచి ఉదాహరణ. ఈ వ్యాసంలో మేము ఆ గ్రంథాన్ని మూడు ప్రశ్నలతో పరిశీలించదలచాము. విప్లవానికి కారణమేమి? అది ఎందుకు విజయం సాధించింది? ఆ విజయాన్ని లేఖనముల వెలుగులో ఏ కొలతతో కొలవాలి?

మా అభిప్రాయాన్ని ముందుగానే చెప్పడం మంచిది. బెర్డియేవ్ సంఘం మీద మోపిన నేరం నిజమైనది. కాని విప్లవానికి ఆయన చూపిన కారణం చాలదు. రష్యా ప్రజల ఆత్మను గురించి ఆయన ఎక్కువగా మాట్లాడాడు, వారి పొలాన్ని గురించి తక్కువగా మాట్లాడాడు. ఆ లోటు మనకు అనుకూలంగా ఉన్నందువల్లనే మనం దానిని అంతగా పట్టించుకోలేదని మా అనుమానం. (1918 ఫిబ్రవరికి ముందటి తేదీలను ఆనాటి రష్యా పంచాంగం ప్రకారమే ఇచ్చాము. అవి మన లెక్కకు 20వ శతాబ్దంలో 13 రోజులు వెనుక ఉంటాయి.)

1. గ్రంథకర్త, ఆయన వాదము

బెర్డియేవ్ 1874లో కీవ్ నగరంలో ఒక ప్రభువంశంలో జన్మించాడు. విద్యార్థి దశలో మార్క్సిస్టు అయ్యాడు. అందుకు విశ్వవిద్యాలయం నుండి బహిష్కరణకు గురై, ఉత్తరాన ఉన్న వొలొగ్దాకు ప్రవాసం వెళ్లాడు. తరువాత క్రమంగా క్రైస్తవ విశ్వాసానికి మరలి, 1909లో విప్లవ మేధావులను విమర్శిస్తూ వెలువడిన 'మైలురాళ్లు' అనే వ్యాస సంకలనంలో పాలుపంచుకొన్నాడు. 1922లో బోల్షివిక్ ప్రభుత్వం దేశంలోని అనేకమంది తత్త్వవేత్తలను, రచయితలను ఓడలెక్కించి పంపివేసినప్పుడు ఆయన కూడా వారిలో ఉన్నాడు. 1948లో మరణించే వరకు పారిస్ సమీపంలో జీవించాడు. జారు ప్రభుత్వం చేతిలోను, జారును కూల్చినవారి చేతిలోను శిక్ష అనుభవించిన మనిషి గనుక ఆయన మాటకు ఒక బరువు ఉన్నది.

ఆయన వాదాన్ని క్లుప్తంగా ఇలా చెప్పవచ్చు. రష్యా కమ్యూనిజం పైకి జర్మనీ నుండి వచ్చిన సిద్ధాంతం, లోపల మాత్రం రష్యా ప్రజల పాత మతాకాంక్షే. మాస్కో నగరమే మూడవ రోమా, లోక రక్షణ దానిద్వారానే కలుగుతుంది అన్న 16వ శతాబ్దపు నమ్మకం రూపు మార్చుకొని మూడవ ఇంటర్నేషనల్ అయింది. ఎన్నుకోబడిన జనం స్థానంలో కార్మికవర్గం నిలిచింది, దేవుని రాజ్యం స్థానంలో వర్గరహిత సమాజం నిలిచింది. అందువల్ల కమ్యూనిజం మతాన్ని ద్వేషించడానికి మూలం, అదే ఒక మతం కావడం. ఒకే సింహాసనం మీద ఇద్దరు కూర్చోలేరు గదా!

ఈ విశ్లేషణతోపాటు బెర్డియేవ్ మరొక మాట కూడా అంటాడు. కమ్యూనిజం క్రైస్తవులమీదికి వచ్చిన తీర్పు. క్రైస్తవులు చేయవలసియుండి చేయక విడిచిన పని దాని రూపంలో ఎదుట నిలిచింది. ఈ రెండవ మాట గ్రంథానికి ప్రాణం.

2. సంఘంపై మోపిన నేరము

ఈ నేరారోపణ ఎంతవరకు నిజమో చరిత్రను చూస్తే తెలుస్తుంది. 1721లో పీటర్ చక్రవర్తి పేట్రియార్కు పదవిని రద్దుచేసి, సంఘ పరిపాలనను సినాడు అనే సభకు అప్పగించాడు. ఆ సభను చక్రవర్తి నియమించిన ఒక లౌకిక అధికారి పర్యవేక్షించేవాడు. ఆ మరుసటి సంవత్సరం వచ్చిన నిబంధన ప్రకారం, పాపపు ఒప్పుకోలులో ఎవరైనా చక్రవర్తికి వ్యతిరేకమైన తలంపును బయటపెడితే గురువు ఆ సంగతిని ప్రభుత్వానికి తెలియజేయాలి. మోకరించి కన్నీళ్లతో చెప్పుకొన్న మాట పోలీసుల చెవికి చేరగల వ్యవస్థలో ఇక కాపరి అనే పదానికి అర్థమేముంటుంది?

గ్రామ గురువు స్థితి మరొక విధంగా దీనమైనది. ఆయనకు సరైన జీతం లేదు. బాప్తిస్మానికి ఇంత, వివాహానికి ఇంత, సమాధికి ఇంత అని రైతుల వద్ద బేరమాడి బ్రతకవలసి వచ్చేది. గ్రామ గురువైన బెలూస్తిన్ ఈ దుస్థితిని వర్ణిస్తూ వ్రాసిన పుస్తకం 1858లో విదేశంలో అచ్చయింది, రష్యాలో నిషిద్ధమైంది. పై అధికారికి భయపడుతూ, భూస్వామి దయకోసం కనిపెడుతూ, బీదవాని చేతిలోని నాణెం కోసం చేయి చాచవలసి వచ్చిన కాపరి ఆ బీదవాని పక్షాన నిలబడి ఎలా మాట్లాడగలడు? వ్యక్తిగతంగా చెడ్డవాడు కానక్కరలేదు. అతని కూడు ఎవరి చేతిలో ఉన్నదో చూస్తే చాలును.

వేదాంత కళాశాలల సంగతి మనకు మరింత దగ్గరది. రష్యా విప్లవ భావాలకు ఆద్యులలో ఒకడైన చెర్నిషెవ్‌స్కీ గురువు కుమారుడు, సరాతొవ్ వేదాంత పాఠశాలలో చదివినవాడు. ఆయన సహచరుడు దొబ్రొల్యూబొవ్ కూడా గురువు కుమారుడే, నీజ్నీ నొవ్‌గొరొద్ వేదాంత పాఠశాల విద్యార్థే. స్టాలిన్ 1894 నుండి 1899 వరకు తిఫ్లీస్ వేదాంత పాఠశాలలో చదివాడు. అక్కడ విక్టర్ హ్యూగో నవల చదివినందుకు ఆయనను శిక్షగదిలో ఉంచారు. వేదాంత పాఠశాలల గోడల మధ్యనే ఇంతమంది విశ్వాసాన్ని పోగొట్టుకొన్నారంటే, తప్పంతా బయటనుండి వచ్చిన పుస్తకాలదే అనడం కష్టం. ప్రశ్న అడిగినవాడిని శిక్షించి, జవాబు మాత్రం ఇవ్వని పాఠశాల తన శత్రువులను తానే తయారుచేసుకొంటుంది.

న్యాయం కోసం మరొక సంగతి కూడా చెప్పాలి. రష్యా సంఘంలో మేలుకొన్నవారు లేకపోలేదు. 1905లో రాజధానిలోని 32 మంది గురువులు సంఘ సంస్కరణ కోరుతూ ముందుకు వచ్చారు. 1907లో రెండవ డూమాలో వామపక్షాలతో కూర్చున్న గురువులూ ఉన్నారు. అయితే సినాడు వారిని శిక్షకు గురిచేసింది. సంఘాన్ని బాహాటంగా విమర్శించిన టాల్‌స్టాయ్‌ని అంతకుముందే, 1901లో, సంఘం నుండి వేరైనవాడిగా ప్రకటించింది. ప్రవక్తలు లేకపోవడం వేరు, ఉన్న ప్రవక్తల నోరు మూయడం వేరు. రష్యాలో జరిగినది రెండవది.

3. పొలము, రొట్టె, యుద్ధము

ఇంతవరకు మేము బెర్డియేవ్‌తో ఏకీభవిస్తాము. అయితే సంఘం విఫలమైనంత మాత్రాన విప్లవం వస్తుందా? మతాకాంక్ష రూపు మార్చుకొన్నంత మాత్రాన ప్రభుత్వాలు కూలుతాయా? ఇక్కడే గ్రంథంలోని లోటు కనబడుతుంది. యుద్ధాన్ని, రైతుల భూమి సమస్యను బెర్డియేవ్ ఎరుగడని కాదు. వాటిని ఆయన ప్రస్తావిస్తాడు. కాని ఆయన కథనంలో అవి నేపథ్యం, ప్రజల ఆత్మ మాత్రమే నాయకపాత్ర. మేము ఈ క్రమాన్ని తలక్రిందులు చేసి చదవవలసియున్నదని భావిస్తున్నాము.

1861లో రెండవ అలెగ్జాండర్ చక్రవర్తి భూస్వాముల క్రింద ఉన్న 2 కోట్లకు పైగా భూదాసులకు విడుదల ప్రకటించాడు. విడుదల వచ్చింది గాని దానితోపాటు అప్పు కూడా వచ్చింది. తరతరాలుగా తాము దున్నిన నేలకు రైతులు 49 సంవత్సరాలపాటు విమోచన సొమ్ము చెల్లించాలని నియమం. అనేక చోట్ల మంచి నేలను, పచ్చికబీళ్లను, అడవిని భూస్వామి తనవద్దే ఉంచుకొన్నాడు. తమ చెమటతో తడిసిన నేల తమదేనని, దానిని తిరిగి కొనవలసి రావడం అన్యాయమని రైతులు నమ్మారు. 1905 తిరుగుబాటు తరువాతగాని ప్రభుత్వం ఆ బకాయిలను రద్దుచేయలేదు. ఈలోగా జనం పెరిగింది. 1897 జనాభా లెక్కలలో రష్యా సామ్రాజ్యంలో సుమారు 12 కోట్ల 50 లక్షలమంది తేలారు. వారిలో అత్యధికులు రైతులే. మనిషికి వచ్చే నేల తరుగుతూ వచ్చింది.

1905 జనవరి 9 ఆదివారాన జరిగిన సంగతి సంఘ చరిత్ర విద్యార్థులు మరువరానిది. గపోన్ అనే గురువు నాయకత్వంలో రాజధానిలోని కార్మికులు, వారి భార్యాబిడ్డలు పరిశుద్ధుల పటాలు, జారు చిత్రపటాలు పట్టుకొని, కీర్తనలు పాడుకొంటూ మహజరు సమర్పించడానికి రాజప్రాసాదం వైపు నడిచారు. సైనికులు కాల్పులు జరిపారు. వందకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ ఉదయం ఆ జనం నాస్తికులు కారు. తండ్రివంటి రాజు మొర ఆలకిస్తాడన్న నమ్మకంతో వచ్చినవారు. ఆ నమ్మకాన్ని కాల్చినది మార్క్సు పుస్తకం కాదు, జారు తుపాకి.

తరువాత 1914లో యుద్ధం వచ్చింది. సుమారు 1 కోటి 50 లక్షలమందిని సైన్యంలోకి తీసుకొన్నారు. పొలాలలో మగవారు లేరు, రైళ్లలో ధాన్యానికి చోటు లేదు. 1917 ఫిబ్రవరి 23న, మహిళా దినోత్సవంనాడు, పెత్రోగ్రాడ్ నగరంలో బట్టల మిల్లుల స్త్రీలు పని ఆపి రొట్టె కోసం వీధుల్లోకి వచ్చారు. కొద్ది రోజులలో సైనికులు వారితో కలిశారు. మార్చి 2న జారు సింహాసనం విడిచాడు. మూడు శతాబ్దాల వంశపాలన అంతమైంది. దీనిని ఏ పార్టీ కూడా పథకం వేసి నడపలేదన్నది గమనించదగ్గది. లెనిన్ అప్పుడు స్విట్జర్లండులో ఉన్నాడు.

అయితే ఫిబ్రవరిలో జనం తెచ్చిన మార్పు అక్టోబరులో బోల్షివిక్కుల విజయంగా ఎలా మారింది? తాత్కాలిక ప్రభుత్వం యుద్ధాన్ని కొనసాగించింది. భూమి విషయం రాజ్యాంగ సభ కూడిన తరువాత తేలుస్తామన్నది. వేసవి గడిచేసరికి రైతులు ఆగలేక భూస్వాముల నేలను తామే పంచుకోవడం మొదలుపెట్టారు. సైనికులు ఆ పంపకంలో తమ వాటా పోతుందేమోనని యుద్ధరంగం విడిచి ఊళ్లకు బయలుదేరారు. ఆగస్టులో సేనాధిపతి కొర్నీలొవ్ సైన్యంతో రాజధానిమీదికి కదలడంతో ప్రభుత్వంపై ఉన్న కొద్దిపాటి నమ్మకమూ పోయింది. సంవత్సరం మొదట్లో సుమారు 24 వేల సభ్యులున్న బోల్షివిక్ పార్టీ ఆగస్టునాటికి 2 లక్షలు దాటింది. శాంతి, భూమి, రొట్టె అని వారు చెప్పిన మూడు మాటలు కొత్తవి కావు. జనం నోట అప్పటికే ఉన్నవి.

అక్టోబరు 26న వెలువడిన భూమి శాసనం దీనికి ఉత్తమ సాక్ష్యం. భూస్వాముల నేలను, మఠాల, సంఘాల నేలను పరిహారం లేకుండా రద్దుపరచిన ఆ శాసనం నిజానికి ప్రత్యర్థి పార్టీ అయిన సోషలిస్టు రివల్యూషనరీల కార్యక్రమం. రైతులు పంపిన 242 విన్నపాల ఆధారంగా కూర్చినది. ఇది మరొకరి కార్యక్రమమని సభలో ఆక్షేపణ వచ్చినప్పుడు, అయితే ఏమి, రైతులు కోరినది ఇదేనని లెనిన్ జవాబిచ్చాడు. రైతులు చేతితో చేసినదానికి బోల్షివిక్కులు ముద్రవేశారు. ఇది వారి చతురత. ఆ ముద్ర వేయడానికి మిగతావారందరూ నిరాకరించడం వారి అదృష్టం.

బెర్డియేవ్ వాదానికి మరొక చిక్కు కూడా ఉన్నది. మూడవ రోమా నమ్మకమే కారణమైతే, ఆ నమ్మకం ఎన్నడూ లేని చైనాలో 1949లో విప్లవం ఎలా గెలిచింది? మన తెలంగాణలో 1946 నుండి 1951 వరకు సాయుధ పోరాటం ఎలా సాగింది? దొడ్డి కొమరయ్య కడవెండిలో నేలకొరిగింది ఏ రష్యా ఆత్మ కోసం? ఈ దేశాల సంస్కృతులు వేరు, మతాలు వేరు. అన్నిటిలోను కనబడేవి రెండే: దున్నేవానికి దక్కని నేల, అతని మొరకు చెవియొగ్గని పాలన.

4. 'అమ్మ' చెప్పే సాక్ష్యము

ఆత్మ, పొలము అని మేము వేరుచేసి మాట్లాడుతున్నాము గాని సామాన్యుని జీవితంలో అవి అంత వేరుగా ఉండవు. ఇందుకు తెలుగు పాఠకులు బాగా ఎరిగిన ఒక నవలను సాక్ష్యంగా పిలుస్తున్నాము. గోర్కీ 1906లో వ్రాసిన 'అమ్మ' 1930లలో క్రొవ్విడి లింగరాజు గారి అనువాదంతో తెలుగు ఇండ్లలోకి వచ్చింది. 1902లో సొర్మొవోలో జరిగిన మేడే ప్రదర్శన, అందులో పాల్గొన్న ఒక కార్మికుడు, అతని తల్లి ఈ కథకు ఆధారం. దానిని విప్లవ సాహిత్యంగా చదివినవారు అనేకులు. వేదాంతపరంగా చదివినవారు తక్కువ.

నవలలోని తల్లి నీలొవ్న భక్తురాలు. తాగి కొట్టే భర్త చేతిలో నలిగిన ఆమెకు ప్రార్థన ఒక్కటే ఆసరా. కొడుకు పావెల్ నిషిద్ధ పుస్తకాలు చదవడం మొదలుపెట్టిన రోజులలో ఇంటికి ఒక పటం తెచ్చి గోడకు తగిలిస్తాడు. అది ఎమ్మాయుకు నడిచివెళ్తున్న పునరుత్థానుడైన క్రీస్తు పటం! కొడుకు క్రీస్తును గౌరవిస్తాడు గాని గుడికి మాత్రం వెళ్లడేమని తల్లి కలతచెందుతుంది. తరువాత ఒక రాత్రి కొడుకు స్నేహితులు దేవుని గురించి కటువుగా మాట్లాడినప్పుడు, నా దేవుని తీసివేస్తే ఈ ముసలిదానికి దుఃఖంలో ఆనుకొనేందుకు ఏమి మిగులుతుందని ఆమె ప్రాధేయపడుతుంది. నీవు నమ్మే దయగల దేవుని గురించి కాదమ్మా, మమ్మల్ని బెదిరించడానికి వాడే దేవుని గురించే మా మాట అని కొడుకు అర్థం వచ్చేలా సముదాయిస్తాడు.

రెండవ భాగంలో ఆమె పట్టణాలు తిరుగుతుంది. బంగారు వెండి నిండిన దేవాలయాలను, వాటి గుమ్మాలలో చలికి వణుకుతున్న బిచ్చగాండ్రను చూస్తుంది. బీదల స్నేహితుడైన క్రీస్తు ఆ పట్టువస్త్రాల మధ్య ఎలా ఇముడుతాడో ఆమెకు అర్థం కాదు. క్రమంగా ఆమె ప్రార్థన తగ్గుతుంది, క్రీస్తును గూర్చిన తలంపు మాత్రం పెరుగుతుంది. ఆయన పేరు ఎత్తకుండానే ఆయన మాట ప్రకారం నడుస్తున్నవారు ఈ పిల్లలేనని ఆమెకు తోస్తుంది.

ఈ తల్లిని నాస్తికురాలు అనగలమా? ఆమె సంఘాన్ని విడిచినది క్రీస్తు మీద విసుగుతో కాదు. సంఘంలో ఆయన కనబడక వెదుక్కొంటూ బయలుదేరింది. బెర్డియేవ్ చెప్పిన మతాకాంక్ష ఇక్కడ ఉన్నది. అయితే అది మూడవ రోమా కల నుండి పుట్టలేదు. దెబ్బలు తిన్న వీపు నుండి, ఫ్యాక్టరీ యాజమాన్యం కూలిలో కోసుకొన్న కాసు నుండి పుట్టింది. ఆ కాసుకోసం పావెల్ నోరు విప్పినందుకే అతని మొదటి అరెస్టు. గోర్కీకి తెలిసినది, బెర్డియేవ్ తక్కువగా చెప్పినది ఇదే.

గోర్కీని కూడా విమర్శ లేకుండా అంగీకరించలేము. తల్లి హృదయంలో క్రీస్తు ఉన్న స్థానంలో ఆయన క్రమంగా జనాన్ని ప్రతిష్ఠించాడు. 1908లో వ్రాసిన 'ఒప్పుకోలు' నవలలో ఈ ధోరణి బాహాటమైంది. ప్రజలే దేవుని నిర్మిస్తారన్న ఈ ఆలోచనను 1913లో లెనిన్ స్వయంగా తీవ్రంగా ఖండించాడు. ఎంత సంస్కరించిన దేవుడైనా ఆయనకు అవసరం లేదు. అంటే నీలొవ్న క్రీస్తుకు పాత సంఘంలోనూ చోటు లేకపోయింది, కొత్త పార్టీలోనూ చోటు లేకపోయింది.

5. విజయానికి కొలత

ఇప్పుడు మూడవ ప్రశ్నకు వద్దాము. అధికారం చేజిక్కించుకొని నిలుపుకోవడమే విజయమైతే బోల్షివిక్కులు నిస్సందేహంగా విజేతలు. ఇచ్చిన మాట నెరవేర్చడం విజయమైతే లెక్క మారుతుంది.

1917 నవంబరులో జరిగిన రాజ్యాంగ సభ ఎన్నికలలో బోల్షివిక్కులకు సుమారు నాలుగవ వంతు ఓట్లే వచ్చాయి. 1918 జనవరిలో ఆ సభ ఒక్క రోజు కూడింది, తరువాత దానిని రద్దుచేశారు. 1921 మార్చిలో క్రోన్‌స్టాట్ నావికులు, విప్లవానికి కండబలమైనవారే, స్వేచ్ఛగా సోవియట్ ఎన్నికలు జరపాలని కోరినందుకు అణచివేతకు గురయ్యారు. 1917లో రైతు చేతికి వచ్చిన నేలను 1929 తరువాత సమష్టి క్షేత్రాల పేరిట తిరిగి తీసుకొన్నారు. దాని వెంట వచ్చిన 1932-33 కరవులో లక్షలాదిమంది చనిపోయారు. 'అమ్మ' రచయిత సైతం 1917-18లో తన పత్రికలో కొత్త ప్రభుత్వపు హింసను ఖండించాడు. 1918 జూలైలో ఆ పత్రికను మూసివేశారు. అదే గోర్కీ 1934లో, ఖైదీల శ్రమతో తవ్విన తెల్ల సముద్రపు కాలువను కొనియాడే గ్రంథానికి సంపాదకుడయ్యాడు. ఈ రెండు సంగతులనూ కలిపి చదవాలి.

సంఘం విషయంలో 1922 కీలక సంవత్సరం. 1921-22 కరవులో సుమారు 50 లక్షలమంది మరణించారు. పేట్రియార్కు తీఖోన్ 1921లోనే సహాయ సంఘాన్ని ఏర్పరచాడు, ప్రభుత్వం దానిని సాగనివ్వలేదు. ఆరాధనలో వాడని విలువైన వస్తువులను కరవు బాధితులకు ఇవ్వవచ్చునని ఆయన అనుమతించిన కొద్ది రోజులకే, సంఘాల వద్ద ఉన్నవాటిని బలవంతంగా తీసుకొనే శాసనం వచ్చింది. షూయా పట్టణంలో విశ్వాసులు అడ్డుపడగా కాల్పులు జరిగాయి. ఈ ఆకలి కాలమే గురువుల బలాన్ని విరుగగొట్టడానికి అనువైన అదను అని ఆ మార్చిలో లెనిన్ రహస్య లేఖ వ్రాశాడు. ఆగస్టులో పెత్రోగ్రాడ్ మెట్రోపాలిటన్ వెనియమీన్‌ను కాల్చి చంపారు. బీదల ఆకలిని ఆయుధంగా వాడుకోవడంలో పాత రాజ్యానికీ కొత్త రాజ్యానికీ ఇక తేడా ఏమున్నది?

ఈ చరిత్రను అర్థం చేసుకొనేందుకు లేఖనములలో ఒక దృష్టాంతం ఉన్నది. ఆహాబు నాబోతు ద్రాక్షతోటను కాజేయడం, ఏలీయా తీర్పు ప్రకటించడం మనమందరం ఎరుగుదుము (1 రాజులు 21). ఆ కథ అక్కడ ముగియదు. యెహూ తిరుగుబాటుచేసి ఆహాబు కుమారుడైన యెహోరామును చంపి, ఆ శవాన్ని నాబోతు పొలంలోనే పడవేయిస్తాడు (2 రాజులు 9:25-26). ఆహాబు 70 మంది కుమారుల తలలు గంపలలో యెజ్రెయేలుకు వస్తాయి (2 రాజులు 10:7). కారణం న్యాయమైనది, విజయం సంపూర్ణం. ప్రవక్త పంపినవాడే అతనికి అభిషేకం చేశాడు. అయినను, తరువాతి తరాలలో హోషేయ ద్వారా ప్రభువు యెజ్రెయేలులో చిందిన రక్తాన్నిబట్టి యెహూ ఇంటివారిని శిక్షిస్తానంటాడు (హోషేయ 1:4). అన్నిటికంటె మమ్మును కలవరపరచేది గ్రంథపు మౌనం. నాబోతు పొలంలో రాజు శవం పడింది. ఆ పొలం నాబోతు వంశంవారికి తిరిగి వచ్చిందని మాత్రం ఎక్కడా వ్రాసిలేదు.

యెహూను చూపించి ఆహాబును సమర్థించే హక్కు మనకు లేదు. ఆహాబును చూపించి యెహూను కడిగివేసే హక్కు కూడా లేదు. ప్రసంగ వేదిక మొదటి తప్పు చేస్తుంది, యువజనుల ఆవేశం రెండవ తప్పు చేస్తుంది. హోషేయ రెండూ చేయలేదు. బెర్డియేవ్ గొప్పతనం కూడా ఇక్కడే. తనను దేశం నుండి వెళ్లగొట్టినవారి నేరాన్ని వ్రాస్తూనే, వారు లేవడానికి కారణమైన పాపంలో తన సంఘం వాటాను ఆయన దాచలేదు.

6. మన ముందున్న ప్రశ్న

ఈ విమర్శ రష్యాతో ముగిస్తే బెర్డియేవ్ గ్రంథాన్ని మనం దుర్వినియోగం చేసినట్లే. విప్లవానికి రష్యా ఆత్మే కారణమని చెప్పుకొంటే మనకు ఎంతో హాయిగా ఉంటుంది. మన ఆత్మ వేరు గనుక మనకు ప్రమాదం లేదు, పరీక్షా లేదు. కాని కారణం పొలమూ కూలీ అయితే, తీర్పు మన గుమ్మంలోనే ఉన్నది. తెలుగు సంఘాలలో అధిక సంఖ్యాకులు భూమిలేని కుటుంబాల నుండి వచ్చినవారే. లేవీయకాండము 25వ అధ్యాయంలో నేల ఎవరిదో ప్రభువు చెప్పిన మాటను, ఆమోసు 8వ అధ్యాయంలో తూనికను గూర్చిన మాటను మనం ఎన్ని ఆదివారాలు బోధించాము?

మన విద్యార్థులు గ్రామ సేవకు వెళ్లివచ్చి సమర్పించే నివేదికలను మేము చదువుతుంటాము. హాజరు ఎంత, కానుక ఎంత, బాప్తిస్మాలు ఎన్ని అన్న వివరాలు వాటిలో శ్రద్ధగా ఉంటాయి. ఆ ఊరిలో ఆడకూలి ఎంత, మగకూలి ఎంత, కౌలు ఎంత, అప్పు ఎవరివద్ద, శ్మశానానికి స్థలం ఉన్నదా అన్న వివరాలు మాకు ఎక్కడా కనబడలేదు. తప్పు విద్యార్థులది కాదు. వారికి ఇచ్చిన నమూనాలో ఆ గడులు లేవు. నమూనా తయారుచేసినది మేమే.

బిగపట్టిన కూలి మొరపెట్టుచున్నదని, ఆ మొర సైన్యముల ప్రభువు చెవులలో చొచ్చియున్నదని యాకోబు తన పత్రికలో (5:4) హెచ్చరించాడు. రష్యాలో ఆ మొర సంఘం చెవికి చేరలేదు, మరొకరి చెవికి చేరింది. వారు దానిని ఆలకించి గెలిచారు, గెలిచిన తరువాత వారూ చెవులు మూసుకొన్నారు. బెర్డియేవ్ గ్రంథాన్ని చదివించడంతోపాటు వచ్చే విద్యాసంవత్సరం నుండి ఆ నివేదిక నమూనాలో కూలికి, భూమికి రెండు గడులు చేర్చుదామని మా మనవి. చిన్న మార్పే. కాని ఆ గడులు నింపడానికి విద్యార్థి ఒక గుడిసె ముందు కూర్చొని వినవలసివస్తుంది.